పదకొండో రూమ్ ద్రోహి

"చేతులు చూపెట్టు," అన్నాడు లచ్చన్న.

లింబాద్రి చాపాడు. లచ్చన్న వాసన చూసి, పక్కవాడికి చూడమన్నాడు. ముక్కు తరవాత ముక్కు దాటి, ఆ చేతులు రూమంతా తిరిగొచ్చాయి. అది యాట కూరేనని అయిదుగురూ ఏకగ్రీవంగా తేల్చారు.

ఒమాన్‌లోని దుక్మ్ లేబర్ క్యాంపులో పదకొండో రూమ్‌కూ పద్నాలుగో రూమ్‌కూ యుద్ధం మొదలై తొమ్మిది రోజులు. ఉమ్మడి వంటగదిని పద్నాలుగోవాళ్ళు ఆక్రమించి, తమ తాళం వేసుకున్నారు. శత్రువును అడిగి పొయ్యి వెలిగించడంకన్నా ఖుబ్బూస్ రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ తిని బతకడం మేలని మొదటి తీర్మానం. శత్రువుతో చెయ్యి కలిపినవాడికి రూమ్‌లో మంచం లేదని రెండోది. రెండింటికీ లింబాద్రి కూడా చెయ్యెత్తాడు.

"ఆళ్ళకు ఉల్లిగడ్డలు కోసిచ్చినవా?"

"కోసిచ్చిన."

"మసాలా?"

"నూరిన. తొమ్మిది దినాలాయె అన్నా. యుద్ధం జేస్త గని, ఖుబ్బూస్ తినుకుంట జెయ్యలేను."

ఎవడో నవ్వబోయి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. లచ్చన్న మాత్రం ఉపన్యాసం అందుకున్నాడు. కోట కూలేది బయటి ఫిరంగులవల్ల కాదని, లోపల గడియ తీసేవాడివల్లనని. మాంసం ముక్కకు మానం అమ్మినవాడు రేపు రూమ్‌నే అమ్ముతాడని. నలుగురూ తలలూపారు.

"పరుపు చుట్టుకో. ఎవని కూర తిన్నవో ఆని కాడనే పండు."

లింబాద్రి ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. ఎవరూ కళ్ళు కలపలేదు. పరుపు భుజాన వేసుకుని వెళ్ళి వంటగది తలుపు తట్టాడు.

శత్రుపక్షపు వంటవాడు గంగాప్రసాద్ గరిటె పట్టుకునే తలుపు తీశాడు. లింబాద్రి వచ్చీరాని హిందీలో తన గతి చెప్పుకుని, పడుకోవడానికింత చోటడిగాడు.

చోటుకేం లోటన్నాడు గంగాప్రసాద్. ముందు ఒక చిన్న సాయం చెయ్యమన్నాడు. పొద్దున డ్యూటీకి పోతూ మీ రూమ్‌వాళ్ళు ఒక్కొక్కరే చాటుగా గిన్నె పెట్టిపోతారని, సాయంత్రం ఒకడి కంట ఒకడు పడకుండా అయిదుసార్లు తలుపు తీయలేక చస్తున్నానని, ఇవాళ్టికి అన్నీ కలిపి పట్టుకుపొమ్మని గట్టుమీదికి చెయ్యి చూపించాడు.

అక్కడ మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు అయిదు వరసగా ఉన్నాయి. ఊళ్ళో చెక్కించుకున్న పేర్లు మూతలమీద మెరుస్తున్నాయి.

"ఆ పెద్ద గిన్నెవాడికి చెప్పు, మూలుగబొక్కలు అయిపోయాయి. రేపు ఒకటి ఎక్కువేస్తాను."

లింబాద్రి వంగి మూతమీది పేరు చదివాడు. లచ్చన్న.