కిటికీ తీస్తే కొండలు

"ఇది నేను తీసుకోను," అన్నాడు ఎల్విన్, బల్ల మీది రాజీనామా కాగితాన్ని వేలి కొసతో వెనక్కి నెడుతూ.

"మీరు తీసుకోకపోయినా ఇరవయ్యో తారీఖు నుంచి నేను రాను," అంది ఒడెట్, దాన్ని మళ్లీ ముందుకు నెట్టి.

ఎల్విన్ ఆ ఆస్పత్రిలో నర్సుల్ని ఉద్యోగంలోకి తీసుకునే అధికారి. తీసుకోవడమైతే బ్రహ్మాండంగా తీసుకుంటాడు, నిలబెట్టుకోవడమే చేతకాదు. కాన్పుల వార్డులో చివరికి ఒడెట్‌తో కలిపి ముగ్గురు నర్సులు మిగిలారు. వాళ్లలో ఒక్కరు తగ్గినా వార్డు మూసెయ్యమని పైనుంచి ఆర్డరు. మూసేస్తే నొప్పులొచ్చిన ఆడవాళ్లు కొండ దాటి గంటంపావు ప్రయాణం చెయ్యాలి. వెర్మాంట్ చలికాలంలో ఆ దారిన లేళ్లకే కాళ్లు జారతాయి.

"అసలు ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?" ఎల్విన్ కిటికీ వైపు చెయ్యి చాపాడు. "ఆ కొండ చూడు. ఆ మేపుల్ చెట్లు చూడు. ఆ ఆకులు ఎర్రబడితే చూడ్డానికి బోస్టన్ నుంచి గంటల తరబడి కార్లు తోలుకుంటూ వస్తారు. నీకు ఊరికే!"

"ఆ ఆకులే నా కొంప ముంచాయి. వాటిని చూడొచ్చే వాళ్లకి రోజుల లెక్కన అద్దెకిచ్చుకుంటారట, నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు."

"ఇంకో ఇల్లు చూసుకో."

"రెండు నెలల్నుంచి అదే పని. నలభై మైళ్ల లోపల ఉన్నవన్నీ టూరిస్టుల ఇళ్లే. మా ఫ్రెండు ఒకావిడ పాపం తన ట్రక్కులో పడుకోమంది. పన్నెండు గంటలు కాన్పులు చేసి వచ్చి ట్రక్కులో పడుకోనా?"

ఎల్విన్ గోడ మీది పోస్టరు చూపించాడు. నర్సులు కావలెను అనే ఆ పోస్టరు స్వయంగా ఆయనే రాశాడు. "కిటికీ తీస్తే కొండలు. అక్షరం అబద్ధం ఉందా ఇందులో?"

"లేదు. ఆ కిటికీ బిగించుకోడానికి గోడ ఎక్కడుందో చెప్పండి, చాలు."

"పోనీ, చేరినప్పుడు మేపుల్ చెట్టు పాకం సీసా ఇచ్చాం కదా, ఈసారి గ్యాలన్ డబ్బా ఇప్పిస్తా. ఆస్పత్రి గుమ్మం పక్కనే కారు పెట్టుకోనిస్తా."

"పాకం తాగి కార్లో పడుకోమంటారు, అంతేగా?"

ఎల్విన్ దగ్గర ఇంక ఇవ్వడానికేమీ మిగల్లేదు, కోపం తప్ప. "ఎవడమ్మా ఆ ఓనరు? బిడ్డల్ని భూమ్మీదకి తెచ్చే మనిషిని నాలుగు ఎండుటాకుల కోసం వీధిలోకి తోస్తాడా? వాడింట్లో ఎవరికైనా నొప్పులొస్తే తెలిసొస్తుంది! పేరు చెప్పు, నేనే మాట్లాడతా."

"పేరు నాకూ తెలీదు. అద్దె కట్టేదీ, మాట్లాడేదీ అంతా ఏజెంటుతోనే."

"సిగ్గు లేని జన్మ," అన్నాడు ఎల్విన్. తన మాటలకి తనకే గుండె కరిగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే ఒడెట్. నువ్వు వెళ్లడానికి వీల్లేదు. నాకు ఇంకో ఇల్లుంది, అది నీకిస్తా."

ఒడెట్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఆ వార్డంటే ఆమెకి ప్రాణం. చెయ్యి దానంతటదే రాజీనామా కాగితం మీదకి వెళ్లింది. "నిజంగానా?"

"నిజం. నవంబరు నెల మొత్తం నీదే."

"నవంబరా?"

"అక్టోబరు ఆఖరు దాకా ఆకుల వాళ్లు బుక్ చేసేశారు. డిసెంబరు నుంచి స్కీయింగు వాళ్లు. మధ్యలో చెట్లకి పుల్లలు తప్ప ఏముంటాయి, మన ఊరి మొహం ఎవడు చూస్తాడు? ఆ నెలంతా హాయిగా ఉండు. మన స్టాఫువి గనక తగ్గింపు కూడా ఇప్పిస్తా. ఇదిగో, చూడు."

కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. ఎర్ర తలుపు, తెల్ల వరండా, వెనకాల నిండుగా కొండ. ఒడెట్ ఆ ఫోటోని చాలాసేపు చూసింది. కాగితం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఎలా ఉంది ఇల్లు?" అన్నాడు ఎల్విన్ గర్వంగా.

"బాగానే ఉంటుంది. వంటింట్లో కొళాయి ఒక్కటే కారుతుంది, నాలుగేళ్లుగా మీ ఏజెంటుకి చెబుతూనే ఉన్నాను."