అవతలి పక్షం

“అయ్యో పిల్లా, నీ పక్షం అది కాదే!” అని అరవబోయి రోసమ్మ టీచరు నాలుక కరుచుకుంది. జడ్జి కుర్చీలో కూర్చున్నాక మధ్యలో నోరు తెరవకూడదు మరి.

వేదిక మీద నవత గడగడా మాట్లాడేస్తోంది. సికింద్రాబాద్ హైస్కూళ్ల డిబేట్ ఫైనల్. తల్లి ఉద్యోగం చేస్తే పిల్లలకు మేలా, కీడా అన్నది విషయం. పక్షం ముందే చెబితే పిల్లలు బట్టీ కొట్టి వస్తారని ఈ పోటీలో వేదిక మీదే చీటీ తీయిస్తారు. అందరి కళ్లముందూ నవతకు ‘మేలు’ వచ్చింది, అవతలి స్కూలు జెఫ్రీకి ‘కీడు’ వచ్చింది. తీరా మైకు పుచ్చుకున్న నవత, “బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లకు తలుపుకు తాళం కనబడితే ఎట్లుంటదో మీకెరుకేనా?” అని షురూ చేసి, కీడు మీద కీడు ఏకరువు పెడుతోంది.

చిలకలగూడ సర్కారు బడి పిల్ల అది. రెండేళ్లుగా ఫైనల్ దాకా రావడం, రెండో బహుమతి పట్టుకుని పోవడం. ఇప్పుడు పదో తరగతి, ఇక మళ్లీ రావడానికి లేదు. ఈసారి కప్పు దానికే రావాలని రోసమ్మ లోలోపల కోరుకుంటోంది. జడ్జికి అలాంటి అభిమానాలు ఉండకూడదు గానీ, జడ్జి మాత్రం మనిషి కాదా ఏం!

రెండో జడ్జి రాఘవేందర్ సారు పక్కకు వంగాడు. “ఏందీ మేడమ్, గీ పిల్ల గిట్ల చేస్తున్నది? పరేషాన్ల మర్చిపోయిందా?”

“నాకూ అర్థం కావట్లేదండీ. గంట కొట్టేదాకా ఆపడానికి లేదు.”

“చీటీకి ఎదురు మాట్లాడితే విషయానికి మార్కులు సున్నా గదా?”

“సున్నానే” అంది రోసమ్మ. ఆ మాట అనేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది.

గంట మోగింది. నవత దండం పెట్టి వెళ్లి కూర్చుంది. హాల్లో గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

ఇక జెఫ్రీ వంతు. ‘నా పక్షం కూడా ఆమే మాట్లాడేసింది, నేను చెప్పాల్సిందేం లేదు’ అని ఓ నవ్వు నవ్వి కూర్చున్నా చాలు, కప్పు నడిచొచ్చి ఒళ్లో పడుతుంది. తెలివైన పిల్లాడెవడైనా చేసేది అదే. జెఫ్రీ మైకు ముందు నిలబడి చేతిలోని చీటీని కాసేపు నలిపాడు. నవత వైపు చూశాడు. నవత తల దించుకుంది.

“మేడమ్, నా పక్షం నవత తీసుకున్నది. తన పక్షం ఖాళీగ ఉన్నది. మీరు పర్మిషన్ ఇస్తే నేను అటు దిక్కు మాట్లాడుత” అన్నాడు.

జడ్జీలిద్దరూ మొహాలు చూసుకున్నారు. కూడదన్న రూలేదీ ఇద్దరికీ గుర్తు రాలేదు. రోసమ్మ సరేనన్నట్టు తలూపింది.

“నవత చెప్పింది అబద్ధం గాదు. ఇంటికి పోతే తాళం ఉంటది. మా మమ్మీ నర్సు. అన్నం నేనే పెట్టుకుని తింట. మొదట్ల భయమైతుండె, ఏడ్చిన సుత. కానీ తాళంచెవి ఇచ్చిన రోజు మమ్మీ ఒక మాటన్నది. ‘ఇల్లు నీ మీద వదిలిపోతున్న బిడ్డా’ అన్నది. గంత నమ్మకం నా మీద ఇంకెవ్వరు పెట్టుకోలే!”

ఆ తరవాత వాడు ఇంకా ఏవేవో చెప్పాడు. రోసమ్మ మార్కులు వేయడం మరిచిపోయి వింటూ కూర్చుంది. విషయం, భాష, ధాటి ఇవన్నీ చాలామందిలో చూసిందామె. ఎదుటివాళ్ల మాటను కొట్టిపారేయకుండా ఒప్పుకుని, అక్కడి నుంచే జవాబు చెప్పేవాళ్లు మాత్రం పెద్దవాళ్లలోనే అరుదు.

“పోరడు బంగారం మేడమ్” అన్నాడు రాఘవేందర్ సారు కళ్లజోడు తుడుచుకుంటూ. “పిల్ల ఇజ్జత్ కాపాడిండు.”

కప్పు జెఫ్రీకే వచ్చింది. నవతకు మళ్లీ రెండోదే.

జనం పల్చబడ్డాక రోసమ్మ వెతుక్కుంటూ వెళితే, నవత వరండాలో కూర్చుని సమోసా తింటోంది. కళ్లలో తడి లేదు సరికదా, మొహం కళకళలాడుతోంది. ఓదారుద్దామని వచ్చిన రోసమ్మకు ఒళ్లు మండింది.

“చేతికందింది నోటికి అందకుండా పోయిందని నేను కుమిలిపోతుంటే, నీకు ఆకలెలా వేస్తోందే? ఆ చీటీ నువ్వే కదా పైకి చదివి వినిపించావు! అంతలోనే ఎలా మర్చిపోయావు తల్లీ?”

నవత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “జెఫ్రీకి చెప్పనంటే చెప్త మేడమ్.”

“చెప్పనులే. చెప్పు.”

“నేనేం మర్చిపోలే. పోటీకి ముందు జెఫ్రీనే చెప్పిండు, వాళ్ల మమ్మీ నైట్ డ్యూటీ దిగి, నిద్ర సుత పోకుండ సీదా ఈడికే వచ్చి ముందు లైన్ల కూసున్నది... ఆమె మొఖం చూసుకుంట వాడు ‘కీడు’ అని ఎట్ల చెప్తడు మేడమ్?”