పది మెట్లకోసారి

"ఆగవే, ఊపిరి అందడం లేదు," అంటూ నటుడు పదో మెట్టు మీద చతికిలబడ్డాడు. భార్య కూరల సంచి కింద పెట్టి పక్కనే కూర్చుని అతని వీపు నిమరసాగింది.

వెనకే ఎక్కుతున్న దర్శకుడు కింది మెట్టు మీదే ఆగిపోయాడు. ఒకప్పుడు కత్తి చేతబట్టి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి మూడంగల్లో దూకిన మనిషి! నాటక సమాజంలో అందరూ 'మహారాజు' అనే పిలిచేవారు. ఇరవై ఏళ్ళు తన చేతికింద పనిచేసినవాడు, ఎనిమిదేళ్ళ కిందట గుండెజబ్బని చెప్పి ఉన్నపళంగా తప్పుకున్నాడు. అప్పట్లో దర్శకుడు నమ్మలేదు. సినిమా వాళ్ళెవరో ఎగరేసుకుపోయారని నలుగురిలో నోరు పారేసుకున్నాడు కూడా. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

మూడో అంతస్తు చేరేసరికి ఇంకో మూడుసార్లు ఆగారు.

"లిఫ్టు లేని ఇల్లు ఎందుకమ్మా?" అన్నాడు దర్శకుడు.

"వచ్చే నెల కింది వాటాలోకి దిగిపోతున్నాం అన్నయ్యగారూ. ఈయనే పోట్లాడి మరీ ఒప్పించారు ఇంటాయన్ని," అంది ఆవిడ తలుపు తీస్తూ.

లోపలికి రాగానే మంచినీళ్ళూ, రెండు మాత్రల డబ్బాలూ తెచ్చింది. అతని చేతిలో నాలుగు పోసి, తన చేతిలో మూడు పోసుకుంది.

"ఆయనవి గుండెకి, నావి ఒంట్లో బలానికి. నేను మింగితేగానీ ఆయన నోరు తెరవరు. చంటిపిల్లలు నయం! ఉప్పులేని తిండీ అంతే. నేను తినకపోతే కంచం ముట్టరు."

ఆవిడ నవ్వింది. పాదాలు వాచిపోయి చెప్పుల పట్టీలు అచ్చు పడి ఉన్నాయి. చాకిరీ చేసీ చేసీ మనిషి అరిగిపోయిందనుకున్నాడు దర్శకుడు. నటుడు స్టూలు ఆవిడ ముందుకి జరిపి, "కాళ్ళు దీని మీద పెట్టుకో. నువ్వు నిలబడితే నాకు కంగారు," అన్నాడు.

"చూశారా చాదస్తం! కానీ గుండె దిటవు మెచ్చుకోవాలి. మా అక్కకీ ఇదే జబ్బు. డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ పూటే గోడవైపు తిరిగి పడుకుంది. మందు మింగలేదు, మెతుకు ముట్టలేదు. నెల తిరక్కుండా పోయింది. ఈయనైతే ఎనిమిదేళ్ళుగా నవ్వుతూ లాక్కొస్తున్నారు."

దర్శకుడు సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు.

"ఒరేయ్, నలభై రోజుల్లో నాటకం. ముసలి జడ్జి వేషం. నిన్ను మనసులో పెట్టుకుని మూడేళ్ళు రాశాను. నాకిదే ఆఖరిది. నువ్వు లేకపోతే వేయను."

"నావల్ల కాదు మాస్టారూ."

"ఎందుకు కాదు?" ఆవిడ కస్సుమంది. "నిద్దట్లో కూడా డైలాగులు చెప్తారు అన్నయ్యగారూ! పోతే స్టేజీ మీదే పోతానని ఎన్నిసార్లు అనలేదు? నేను వెంట ఉంటాను. మందులు నేను చూసుకుంటాను. ఒక్క పేజీ చదవండి, నా మీద ఒట్టు!"

నటుడు చాలాసేపు కట్ట వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడి మొదటి పేజీ అందుకున్నాడు. రెండు వాక్యాలు దాటేసరికి నడుం నిటారైంది. గొంతు ఇల్లంతా నిండింది. దర్శకుడికి ఒళ్ళు జలదరించింది. రాసింది తనేనా అనిపించింది.

ఆవిడ ఉండబట్టలేక లేచి చప్పట్లు కొట్టింది. "చెప్పానా! చెప్పా..." ఆనందం పట్టలేక మాట సగంలో ఆగిపోయింది, ఊపిరి ఎగబోసింది.

అంతే. కాగితాలు జారిపోయాయి. నటుడు గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ వచ్చి పక్కన వాలిపోయింది. అతను ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుని, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా, "మెల్లిగా... నాతోపాటు నువ్వూ పీల్చు... అప్పుడే నాకు కుదుటపడుతుంది," అన్నాడు. ఇద్దరూ అలా ఊపిరి పీల్చి వదులుతూ ఉండిపోయారు. దర్శకుడు కిందపడ్డ కాగితాలు ఏరుకున్నాడు.

"వద్దు మాస్టారూ. నన్ను వదిలేయండి," అన్నాడు నటుడు కాసేపటికి.

"ఎనిమిదేళ్ళు చేశాను. ఇంకాస్త బాగుచేసుకోలేకపోయాను," అని ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

ఆవిడని మంచం మీద పడుకోబెట్టి, గోడ పట్టుకుని నడుస్తూ నటుడు సాగనంపడానికి వచ్చాడు. రెండో అంతస్తు మలుపులో ఆగారు.

"క్షమించరా. నీ ప్రాణం మీదికి తెచ్చాను," అన్నాడు దర్శకుడు. "డాక్టరు ఏమంటున్నాడు?"

"ఈ ఏడాది గడవడం కష్టమంటున్నాడు."

దర్శకుడు అతని భుజం పట్టుకున్నాడు. "అయితే ఆ ఉన్న కాసిని రోజులైనా స్టేజీ మీద ఉండొచ్చు కదరా. నువ్వు కోరుకున్నదేగా."

"కోరిక లేక కాదు. ఇందాక చదువుతుంటే పట్టుమని ఒక్క నిమిషం అన్నీ మరిచిపోయాను. దానికే ఏమైందో చూశారుగా. మూడు గంటలు స్టేజీ మీద గర్జించేవాణ్ణి ఇంట్లో ఎవరు నమ్ముతారు? ఆ వేషం కడితే ఈ వేషం చెడిపోతుంది మాస్టారూ."

"ఈ వేషమేంట్రా?"

నటుడు తలెత్తి పైకి చూశాడు. తలుపు మూసే ఉంది. గోడ మీంచి చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డాడు.

"జబ్బు నాది కాదు, దానిది."