మొగలి పొద మీద ఒట్టు

"చేపలు కడిగిన నీళ్లు బావిగట్టున పోసినావా? ముక్కులు పగిలిపోతా ఉండాయి!" బీజాన్ కేక వీధి మలుపు దాకా వినిపించింది.

"చెంబెడు నీళ్లత్తా. ఎండకి ఆరిపోవా?" అంది కోడలు ఖుర్షీదా.

"ఆరేదాకా నేను ముక్కు మూసుకోవాల్నా? రేపట్నుంచి బియ్యం కడిగినా, చేపలు కడిగినా ఆ దయ్యాల పొదలోనే పొయ్యి. కుళ్లి చస్తుంది."

ఖుర్షీదా మూతి ముడుచుకుని, రెండో చెంబు తీసుకెళ్లి స్నానాలదొడ్డి వెనక మొగలి పొద మొదట్లో పోసింది. దయ్యాల పొదట! చైనా యుద్ధం జరిగిన ఏడు, కొత్తకోడలిగా కోవూరు వస్తూ, కృష్ణపట్నం ఉప్పుకాలవ గట్టు నుంచి ట్రంకుపెట్టెతో పాటు మోసుకొచ్చిన పిలక అది. పుట్టింట్లో మడతల మధ్య మొగలిరేకు పెట్టని చీర ఉండేది కాదు. మూడేళ్లలో పొద మనిషెత్తు పెరిగింది. పువ్వు మాత్రం లేదు.

పువ్వు లేకపోయినా పాములొస్తాయని ఇరుగుపొరుగుకు భయం. కిందటి నెల పక్కింటి వెంకటశేషమ్మ పెరట్లో జెర్రిపోతు కనిపించగానే అయిదుగురు ఆడవాళ్లు కట్టగట్టుకుని వచ్చారు.

"ఏం బీజానక్కా, మీ కోడలు పాముల్ని పెంచతా ఉండాదా?"

బీజాన్‌కు రోషం పొడుచుకొచ్చింది. "రంజాను ఉపవాసాలు మొదలయ్యే నెలవంక లోపల పువ్వు పూసిందా, సరి. లేదా, నా చేత్తో నేనే నరికేస్తా. ఒట్టు!" అంది అందరి ముందూ.

బీజాన్ ఒట్టంటే ఒట్టే. ఒకప్పుడు మరిదితో మాట్లాడనని ఒట్టేసి, పదకొండేళ్లు ఆయనకు చెప్పాల్సిందంతా గోడకు చెప్పింది.

నెలవంకకు ఇంకా నాలుగు రోజులున్నాయి. చాపలల్లే చెంచమ్మ మొగలాకు కోసుకుందామని వచ్చి, పొద చుట్టూ రెండుసార్లు తిరిగి, ఖుర్షీదాను పక్కకు పిలిచింది.

"అమ్మా, ఇది ఆడచెట్టు. అనాసపండు మాదిరి కాయ కాస్తుందేమో గానీ, వాసనొచ్చే పువ్వు దీని జన్మలో పుయ్యదు. ఆ పువ్వు మగచెట్టుకే."

ఖుర్షీదా ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతా, ఇంకెవరికీ చెప్పబాక చెంచమ్మా!"

వంటింటి కిటికీ దగ్గర బీజాన్ దగ్గింది.

మర్నాడు శుక్రవారం. తెల్లారీ తెల్లారకముందే పెరట్లో గోల.

"అమ్మేయ్ ఖుర్షీదా! ఒరే అమీరూ! రాండి, వాసన చూడండి!"

పెరడంతా గుమగుమ. బీజాన్ కొడుకు అమీర్ బాషా సగం గడ్డం నురగతో అట్లాగే పరిగెత్తుకొచ్చాడు. వెంకటశేషమ్మ గోడ మీంచి మెడ చాచి గాలి పీల్చింది. "ఓరి దేవుడా! మొగలిపువ్వే!"

ఖుర్షీదాకు కాళ్లు నేల మీద నిలవలేదు. చేతిలో చెంబుతోనే గిరగిరా తిరిగింది. నీళ్లు మొగుడి మీద పడ్డాయి, అత్త మీద పడ్డాయి, గోడ మీది వెంకటశేషమ్మనూ వదల్లేదు. చెంచమ్మకేం తెలుసు!

"ఏదీ, పువ్వు యాడుంది?" అమీర్ ఆకులు తప్పించబోయాడు.

బీజాన్ పొరక అడ్డం పెట్టింది. "చెయ్యి తియ్యిరా! పూసిన పొదలో నాగుంటాడు. వాసనొస్తే చాలదా, కళ్లతో చూడాల్నా?"

"చాలు చాలు, పూసిందని ఊరంతా నేను చెప్తాగా," అని వెంకటశేషమ్మ గోడ దిగిపోయింది.

మధ్యాహ్నం అమీర్ నమాజు నుంచి వచ్చాక ముగ్గురూ చాప మీద భోజనానికి కూర్చున్నారు. చేపల పులుసు వడ్డించి బీజాన్ గొంతు సవరించుకుంది.

"ఇద్దరూ వినండి. నా ఒట్టు తీరిపోయింది. ఆ పొద ఆణ్నే ఉంటుంది. నేను బతికుండగా దాని మీద కత్తి పడేదానికి లేదు."

"మరి పాములొస్తేనో అమ్మా?"

"రానీరా. మీ అత్తగారింటి చుట్టాలు రావడంలా?"

ఖుర్షీదా పకపకా నవ్వి పొలమారింది. బీజాన్ కోడలి నెత్తిన తట్టి, పులుసన్నం ముద్ద కలిపి ఆమె నోటికందించింది.

ఆ వేళ్ల నుంచి గుప్పున మొగలి అత్తరు వాసన కొట్టింది.