చేపకు బదులు

మా అత్తగారింట్లో ఏ మందైనా అందరికంటే ముందు తాగేది కొత్త కోడలే. ఈ మాట చెబితే నా స్నేహితురాళ్ళు కుళ్ళుకుంటున్నారు.

ఇప్పుడు ఎవరి మందు వాళ్ళ ఇంటి యంత్రమే తయారుచేస్తుంది కదా. అన్ని ఇళ్ళలోలాగే ఇక్కడా మొదటి చుక్క చేపతొట్టిలో వేసేవారు. సాయంత్రం దాకా చేప హాయిగా ఈదితే, అప్పుడు మనుషులు తాగేవారు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే ఆ చేప చచ్చిపోయింది. అత్తయ్య అన్నం మానేసి ఏడ్చింది.

"ఇంకో మూగజీవి ఉసురు పోసుకోలేను. అయినా చేపకీ మనకీ పోలికేంటి హిమజా?"

జువాలజీ చదివినదాన్ని కదా, ఉత్సాహంగా చెప్పాను. "ఈ యంత్రాల మందు పనిచేసేది ప్రొటీన్లలో డీఎన్ఏని పట్టుకునే భాగం మీద అత్తయ్యా. చేప దగ్గర్నుంచి మనిషి దాకా అది మారనే లేదు."

"అంటే చేపలో ఉన్నదే నీలోనూ ఉందన్నమాట."

"దాదాపు అచ్చంగా అదే!"

ఈరోజు మా ఆయనకి జుట్టు నెరవకుండా కొత్త మందు తయారైంది. అత్తయ్య దాన్ని వెండి గిన్నెలో పోసి నా చేతికిచ్చింది. మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, ఎదురుగా కూర్చుని, రోజంతా నన్నే చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు!

మధ్యాహ్నం వేళ్ళు తిమ్మిరెక్కాయి. సాయంత్రానికి నాలుక కదల్లేదు. ఆయన నా ముఖం మీదికి వంగితే ముద్దు పెట్టుకుంటాడనుకున్నాను. నా కనురెప్ప ఎత్తి చూసి, వంటింటివైపు తిరిగాడు.

"అమ్మా, ఈ మందు పారబొయ్యి. రంగేసుకుంటాలే."