బేస్ క్లాస్ అప్పగింత

చర్చిలో పాట మధ్యలో ఫోన్ వణికింది. క్రిస్టినా పాటల పుస్తకం చాటున పెట్టుకుని చూసింది. మళ్ళీ వాళ్ళే.

"చేతకాకపోతే తప్పుకో. నీవల్ల మేమంతా ఆగిపోయాం."

ఆ తర్వాత ఆమె గొంతు క్వయిర్‌తో కలవలేదు. మరుసటి ఆదివారం నుంచి క్వయిర్‌లో నిలబడడమే మానేసింది.

బందరు నుంచి రోజూ రైల్లో గుడివాడ వెళ్ళి, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుందామె. పెళ్ళికి ముందెప్పుడో సరదాకొద్దీ, ఇతరులు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్ లైబ్రరీ ఒకటి రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని నెట్‌లో పెట్టింది. ప్రోగ్రాములకు వెబ్ నుంచి సమాచారం తెచ్చిపెట్టడం దాని పని. సమాచారం నడిచే ఒక్కో పద్ధతికి, అంటే ప్రొటోకాల్‌కు, దాన్ని అందుకునే ఒక్కో హ్యాండ్లర్. అన్నిటికీ తల్లివేరు ఒకటే బేస్ క్లాస్. పోయేదైనా వచ్చేదైనా దాని చేతుల మీదుగా సాగాల్సిందే, దివిసీమ కాలువ నీళ్ళు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దాటినట్టు.

చూస్తుండగానే ఎక్కడెక్కడి ఆఫీసులూ, ఆసుపత్రులూ దాన్ని పట్టుకుని వేలాడాయి. బేస్ క్లాస్‌లో ఒక్క వరుస మారిస్తే ఎవరిది ఎక్కడ కూలుతుందో తెలియదు. మార్చకపోతే ఎందుకు మార్చలేదని తగువు. ఊరికే ఇచ్చిన వస్తువు ఉరితాడై కూర్చుంది.

ఆ ఏడాది మరీ నలుగురు తగులుకున్నారు. పేర్లను బట్టి ఒకడు జర్మనీవాడు, ఒకడు బ్రెజిల్ వాడు. మిగతా ఇద్దరూ ఎక్కడివాళ్ళో. రైల్లో ఉండగా ఒకడు, క్లాసులో ఉండగా ఇంకొకడు. నలుగురిదీ ఒకటే పాట: ఆలస్యం, అసమర్థత, తప్పుకో.

భర్త శ్యాంబాబు గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ చూసుకుంటాడు. భార్య అన్నం ముందు కూర్చుని ఫోన్ వంక భయంగా చూడడం గమనించాడు.

"మూసెయ్యరాదూ?"

"మూసేస్తే వాడుకునేవాళ్ళంతా ఏమైపోతారండీ?"

"పోనీ ఎవరికన్నా ఇచ్చెయ్."

"తీసుకునేవాళ్ళేరీ?"

అతను ఫోన్ తీసి బోర్లా పెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లైబ్రరీ పేజీలోకి వచ్చింది హారిక. మొదట చిన్న తప్పొకటి సరిచేసి పంపింది. తర్వాత పెద్దదొకటి. పెడన అద్దకంలా ఎక్కడా గీత తప్పని పని. మూడోసారి కింద తెలుగులో ఒక వాక్యం జోడించింది.

"మాది అవనిగడ్డ అక్కా. మీది బందరని చూసి ఎంత సంతోషమేసిందో."

క్రిస్టినా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. అన్నేళ్ళలో ఆ పేజీలో తనను అక్కా అన్నవాళ్ళు లేరు.

ఆపైన మాటలు కలిశాయి. చంటిపాప ఉందని, పాప నిద్రపోయినప్పుడే పని చేసుకుంటానని హారిక చెప్పింది. ఒకసారి భోజనానికి రమ్మంటే, పాప కాస్త పెద్దదవ్వనీ అక్కా అంది.

నలుగురూ విరుచుకుపడ్డప్పుడల్లా హారిక అడ్డుపడేది. ఆవిడా మనిషేనని, ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా మోస్తోందని అందరూ చూసేలా రాసేది. దానికి బ్రెజిల్ వాడు, అయితే నువ్వే తీసుకోరాదూ, ఆవిడకన్నా నువ్వే నయం అని జవాబిచ్చాడు.

ఆ మాటకు క్రిస్టినాకు కోపం రాలేదు. ఆశ పుట్టింది.

అడిగితే హారిక వద్దంది. అంత బాధ్యత తనవల్ల కాదంది. క్రిస్టినా మళ్ళీ అడిగింది. మూడోసారి బతిమాలింది.

"మీ ఆరోగ్యం కోసం ఒప్పుకుంటున్నానక్కా," అని రాసింది హారిక.

క్రిస్టినా పాస్‌వర్డులన్నీ అప్పగించేసింది. ఆ రోజుతో తిట్లు ఆగిపోయాయి. నలుగురిలో ఒక్కడూ నోరు మెదపలేదు. హారిక పనితనానికి తల వంచి ఉంటారనుకుని, తనకు చేతకానిది ఆ పిల్ల సాధించిందని మురిసిపోయింది. క్రిస్మస్‌కి మళ్ళీ క్వయిర్‌లో నిలబడింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూస్తూ వెళ్ళింది. లైబ్రరీకి హారిక కొత్త రిలీజ్ తెచ్చిందని తెలిసినా తెరిచి చూడలేదు.

ఈస్టర్ వెళ్ళిన వారంలో కాంతారావు అనే సైబర్ పోలీసు అధికారి ఇంటికొచ్చాడు. కొత్త రిలీజ్‌లో బేస్ క్లాస్‌లోకి ఎవరో నాలుగు వరుసలు చేర్చారని చెప్పాడు. ఏ హ్యాండ్లర్ గుండా ఏ రహస్యం పోయినా, దాని నకలు ఎక్కడికో చేరుతోందట. అప్పటికే చాలా చోట్ల అది దిగిపోయిందట.

 శ్యాంబాబు కుర్చీ జరిపి క్రిస్టినాను కూర్చోబెట్టాడు.

తనను తిట్టిన ఆ నలుగురి పనే అయ్యుంటుందని ఆమె చెప్పింది. వాళ్ళ పేర్లు చెప్పింది, రాసిన రాతలు తెరిచి చూపించింది. ఏడాదిపాటు తనను ఎలా కాల్చుకు తిన్నారో చెప్పింది.

"హారికను కూడా వాళ్ళే మోసం చేసి ఉంటారండీ. ఆ పిల్లను మాత్రం భయపెట్టకండి. చంటిబిడ్డ తల్లి. వాళ్ళు నన్ను పీక్కుతింటుంటే అడ్డం నిలబడింది లోకంలో ఆమె ఒక్కతే."

కాంతారావు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. 

"ఆ నలుగురూ, హారికా, ఐదుగురూ ఒక్కడేనమ్మా."