ఏనుగు తొక్కినా పగలని షోకేసు

బిల్లులో పగలని పాలికార్బొనేట్ షీటు అని రాసి, షోకేసుకి ఒక్క దెబ్బకి పగిలే యాక్రిలిక్ బిగించాలి. శుక్రవారం మధ్యాహ్నం తనే వెళ్లి దాన్ని పగలగొట్టాలి. షీట్లాయన వేసిన పథకం ఇంతే.

ప్లాస్టిక్ షీట్ల వ్యాపారం కాబట్టి అందరూ ఆయన్ని షీట్లాయన అనే పిలుస్తారు. మనిషి మరీ అంత దొంగేం కాదు. పేకాటలో చేతులు కాల్చుకుని, భార్య హారం తీసుకెళ్లి వీధి చివర నగల షాపులో అమ్మేశాడు. ఇంట్లో మాత్రం మెరుగు పెట్టించడానికి ఇచ్చానన్నాడు. ఆదివారం బావమరిది పెళ్లి. హారం లేకుండా ఆవిడ పెళ్లికి కదలదు. సంగతి తెలిస్తే ఈయన్ని గుమ్మం ఎక్కనివ్వదు.

అంతలో నగల షావుకారే వెతుక్కుంటూ వచ్చాడు. సందులోకి చూసే షోకేసుకి ఉన్న ఇనుప జాలీ నగల అందం చెడగొడుతోందట, అది పీకేసి పగలని షీటు వేయమన్నాడు. ఆ షోకేసులోనే, నల్ల మఖ్మల్ మెడ మీద, హారం వేలాడుతోంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు షీట్లాయన.

గోడౌన్లో సరుకు చూసేది భార్యే.

"ఏమండీ, హారానికి మెరుగు పెట్టడానికి ఇన్నాళ్లా?" అంది షీట్ల మీద దుమ్ము దులుపుతూ.

"మెరుగు పెట్టేవాడికి జ్వరమే. తగ్గగానే ఇచ్చేస్తాడు. నువ్వు ఆ మూల పక్కన పెట్టిన షీటు వ్యాన్లో ఎక్కించు, నగల షాపుకి వెళ్లాలి."

ఆవిడ దుమ్ముగుడ్డ పక్కన పెట్టి షీటు ఎక్కించింది.

షావుకారు ఉత్త అనుమానప్పక్షి. షీటు బిగించి, మీది కాగితం ఒలిచీ ఒలవకముందే, "ఓసారి సుత్తితో కొట్టి చూడొచ్చా?" అన్నాడు.

"బిగించినదాన్ని కొట్టకండి. పగలదు గానీ గీతలు పడతాయి. ఇదిగో, ఈ ముక్కని కొట్టుకోండి."

షీట్లాయన సంచిలోంచి తీసిన ముక్క మాత్రం అసలు సిసలు పాలికార్బొనేట్. షావుకారు చెమటలు పట్టేదాకా బాదాడు. ముక్క కాస్త వంగిందే గానీ పగల్లేదు.

"ఫ్యాక్టరీల కప్పులకీ, పోలీసుల డాళ్లకీ వాడేది ఇదే. ఏనుగు తొక్కినా పగలదు," అన్నాడు షీట్లాయన.

శుక్రవారం మధ్యాహ్నం షావుకారు షట్టర్ దించి భోజనానికి వెళ్లాడు. సందులో పురుగు కూడా లేదు. షీట్లాయన హారం వైపు ఒకసారి చూసుకుని, సుత్తి ఎత్తి, బలమంతా పెట్టి ఒక్కటిచ్చాడు. షీటు ధబ్బుమంది. సుత్తి వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చి ఆయన నుదుటికే తగిలింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా షావుకారు నిలబడి ఉన్నాడు. తన చేతిలో సుత్తి, నుదుటి మీద బొప్పి, షీటు మీద చిన్న గీత. షీట్లాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"బిగించేశాక కూడా వచ్చి పరీక్ష చేసుకుంటున్నారా?" షావుకారు రెండు చేతులూ జోడించాడు. "మీలాంటి నిజాయితీపరుణ్ణి నా జన్మలో చూళ్లేదండీ."

షీట్లాయన తలూపాడు. ఇంకేం చేస్తాడు? చుట్టుపక్కల షాపులవాళ్లంతా వచ్చి, తలో దెబ్బా వేసి, తలో ఆర్డరూ అడ్వాన్సూ ఇచ్చి వెళ్లారు.

ఇంటికొచ్చే దారి పొడుగునా తనకి షీట్లు పంపే హోల్‌సేల్ వాణ్ణి తిట్టుకున్నాడు. మంచి సరుకడిగితే చెత్త అంటగట్టేవాళ్లు ఊరినిండా ఉన్నారు గానీ, చెత్త అడిగితే మంచిది పంపేవాణ్ణి ఇప్పుడే చూడ్డం.

భార్య తడిగుడ్డ తెచ్చి బొప్పి మీద అద్దింది.

"గుమ్మం తగిలిందే," అన్నాడు నీరసంగా. "ఆ మెరుగు పెట్టేవాడికి జ్వరం ఇంకా తగ్గలేదు."

"తగ్గదులెండి," అంది ఆవిడ, గుడ్డ ఇంకాస్త గట్టిగా నొక్కుతూ. "ఆ షోకేసులో నా హారం కళ్లారా చూశాకే, మీరు పక్కన పెట్టిన షీటు తీసేసి అసలైనది వ్యాన్లో ఎక్కించా. మీరు మళ్లీ కొని తెచ్చేదాకా ఏ దొంగవెధవా దాని మీద చెయ్యి వెయ్యకూడదు కదండీ."